పరగడుపు షుగరా, మూడు నెలల సగటా, గ్లూకోజ్ నీళ్ల పరీక్షా: ముప్పును ముందే పట్టేది ఏది?

అమ్మకో నాన్నకో షుగర్ ఉంది. నడుము చుట్టూ కొవ్వు చేరుతోంది. వయసు ముప్పై అయిదు దాటింది, ఒంట్లో మాత్రం ఏ తేడా తెలియడం లేదు. ఇలాంటివాళ్లు ల్యాబ్‌కు వెళ్లి షుగర్ చూడమంటే చాలాసార్లు పరగడుపు పరీక్ష ఒక్కటే చేస్తారు. 92 అని రాగానే హాయిగా ఇంటికొచ్చేస్తారు. నా అభ్యంతరం అక్కడే.

పరగడుపున డెసిలీటరు రక్తంలో 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 దాకా ప్రీ డయాబెటిస్ (షుగర్‌కు ముందు దశ), 126 నుంచి డయాబెటిస్. చవకైన పరీక్ష, ఏ ఊళ్లోనైనా చేస్తారు. కానీ అది ప్రధానంగా చెప్పేది రాత్రిపూట కాలేయం వదిలే గ్లూకోజ్ ఎంత అదుపులో ఉందన్నదే. తిన్న తర్వాత రక్తంలోకి వచ్చిన చక్కెరను కండరాలు లాక్కునే శక్తి ముందుగా తగ్గేవాళ్లు చాలామంది. అన్నం తిన్నాక 180కి ఎగబాకి, తెల్లారేసరికి 95కి దిగే మనిషి ఈ పరీక్షకు దొరకడు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి ఉపవాసం అక్కర్లేదు, ఎప్పుడైనా రక్తం ఇవ్వొచ్చు. 5.7 నుంచి 6.4 శాతం దాకా ప్రీ డయాబెటిస్, 6.5 నుంచి డయాబెటిస్. సౌకర్యంలో దీన్ని మించింది లేదు. అయితే ఇది కొలిచేది ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజ్‌ను. ఆ కణాల ఆయుష్షు సుమారు 120 రోజులు. అది అటూఇటూ అయితే అంకె కూడా తప్పుతుంది. ఐరన్ లోపం ఉంటే లేని షుగర్‌ను ఉన్నట్టు చూపవచ్చు. కణాలు త్వరగా చితికిపోయే జబ్బుల్లో, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లలో ఉన్న షుగర్‌ను తక్కువ చేసి చూపవచ్చు. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత కనిపించింది. హిమోగ్లోబిన్ 9 ఉన్న ఆవిడకు 5.9 వస్తే టెన్షన్ పడే ముందు రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ రిపోర్టు పక్కన పెట్టుకుని చదవాలి. ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారి త్వరగా చితికిపోయే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్ ఉన్న ఏజెన్సీ ప్రాంతాల్లో అయితే ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్మడం ప్రమాదం.

ముప్పును తొందరగా పట్టడంలో నా ఓటు గ్లూకోజ్ నీళ్ల పరీక్షకే. పరగడుపున ఒకసారి రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటలకు మళ్లీ తీస్తారు. 140 నుంచి 199 దాకా ప్రీ డయాబెటిస్, 200 నుంచి డయాబెటిస్. కొందరికి వికారంగా ఉంటుంది, పూట పోతుంది, ఇవాళ్టి అంకె రేపు అచ్చంగా రాకపోవచ్చు. అయినా శరీరాన్ని పనిలో పెట్టి చూసేది ఇదొక్కటే. 2024లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య గంటకే రక్తం తీసి 155 నుంచి ఉంటే ముప్పుగా లెక్కించవచ్చని చెప్పింది. ఇక తిన్నాక ల్యాబ్‌లో చేసే పోస్ట్ లంచ్ పరీక్ష దీనికి సాటి రాదు, ఎందుకంటే ఒకరు రెండు ఇడ్లీలు తిని వస్తారు, ఇంకొకరు బిర్యానీ.

ల్యాబ్ ప్యాకేజీల్లో కనిపించే ఫాస్టింగ్ ఇన్సులిన్ (పరగడుపున రక్తంలో ఇన్సులిన్ ఎంతుందో చూసే పరీక్ష)కు నేనైతే డబ్బు పెట్టను. ల్యాబ్‌ల పద్ధతులు వేరు, అందరూ ఒప్పుకున్న హద్దు లేదు. అంతకంటే ఇప్పటికే చేయించిన లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) తీసి చూడండి. ట్రైగ్లిజరైడ్లు 150 దాటి, మంచి కొలెస్ట్రాల్ మగవారిలో 40, ఆడవారిలో 50 కంటే తక్కువుంటే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానించాలి.

కాబట్టి మొదట పరగడుపు, హెచ్‌బీఏ1సీ రెండూ కలిపి చేయించుకోవాలి. రెండూ బాగుండి, ఇంట్లో షుగర్ చరిత్ర లేకపోతే మూడేళ్లకోసారి చాలు. ఒకటి ఒకటి చెప్పి రెండోది మరొకటి చెప్పినా, రక్తహీనత ఉన్నా, అమ్మానాన్నలిద్దరికీ షుగర్ ఉన్నా గ్లూకోజ్ నీళ్ల పరీక్షకు వెళ్లాలి. ప్రీ డయాబెటిస్ తేలితే ఏటా చూసుకోవాలి. ఆ దశలో తిండి, నడక మార్చుకున్నవారిలో షుగర్‌గా మారే అవకాశం దాదాపు 28 శాతం తగ్గిందని 2006లో వచ్చిన భారతీయ అధ్యయనం చూపింది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవారైతే కాన్పైన 6 నుంచి 12 వారాల్లోపు గ్లూకోజ్ నీళ్ల పరీక్ష చేయించుకుని తీరాలి. బిడ్డ హడావిడిలో మరుగున పడేది ఇదే, ఇంట్లోవాళ్లే గుర్తుపెట్టుకుని తీసుకెళ్లాలి.