ప్రోగ్రెసివ్ కళ్ళజోడు: ఆరు వారాల వాడకం తర్వాత

చత్వారం ముదిరి, నోటుపుస్తకాలు దిద్దడానికి ఒక జోడు, ఆఖరి బెంచీ వైపు చూడడానికి మరో జోడు మార్చుకుంటూ పాఠం చెప్పడం విసుగై, వేసవి సెలవుల చివర విశాఖ ద్వారకా నగర్‌లోని ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో ప్రోగ్రెసివ్ లెన్సులు చేయించుకున్నాను. లెన్సులకు 9,400 రూపాయలు, లోహపు ఫ్రేముకు 1,900 అయింది. దుకాణం పేరు రాయడం లేదు. నాకు జరిగిన పొరపాటే మా బడిలో మరో ఇద్దరికి వేరే దుకాణాల్లో జరిగింది.

ఈ లెన్సులో పైన దూరపు పవర్, కింద చదువుకునే పవర్ ఉంటాయి. రెంటి మధ్య గీత కనబడకుండా పవర్ క్రమంగా మారే సన్నని దారిని కారిడార్ అంటారు. 1959లో ఫ్రాన్స్‌లో బెర్నార్ మెతెనా రూపొందించిన లెన్సు వేరిలక్స్ పేరుతో మార్కెట్‌లోకి వచ్చిన నాటి నుంచి మూలసూత్రం ఇదే, మూలలోపమూ ఇదే. కారిడార్ వెంట పవర్ ఎంత వేగంగా పెరిగితే దాని పక్కల ఆస్టిగ్మాటిజం, అంటే బొమ్మను వంకరగా, మసకగా చేసే దోషం, అందుకు రెట్టింపు వేగంతో పెరుగుతుందని 1963లో మింక్విట్జ్ అనే పరిశోధకుడు గణితపరంగా చూపించాడు. కాబట్టి పక్కల వంకర అస్సలు ఉండదని ఎవరైనా అంటే, అది కేవలం అమ్మకపు మాట.

దుకాణం మొదటి అంతస్తులో ఉంది. కొత్త జోడు పెట్టుకుని దిగబోతే, మొదటి మెట్టు కనబడిన చోటికీ కాలికి తగిలిన చోటికీ పొంతన లేదు. తల తిప్పినప్పుడల్లా ఎదుటి షాపు షట్టరు మడతలు గాలికి ఊగే తెరలా కదిలాయి. వెనక్కి వెళ్ళి చెబితే కౌంటరు దగ్గరి అబ్బాయి తలెత్తకుండానే, "వారం పది రోజుల్లో అలవాటైపోతాయండి మేడమ్" అన్నాడు. ఆ మాటలో సగం అక్షరాలా నిజం. మిగతా సగం నాకు మూడు వారాల మెడనొప్పి తెచ్చింది.

ముందు నిజమైన సగం. మనం తల కుడికి తిప్పితే, లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు ఆ కదలికను పసిగట్టి, సుమారు 10 మిల్లీసెకన్లలో కళ్ళను అంతే మేరకు ఎడమకు తిప్పిస్తాయి. అందుకే నడుస్తున్నా లోకం నిలకడగా కనిపిస్తుంది. ప్లస్ పవరున్న అద్దం దృశ్యాన్ని పెద్దది చేస్తుంది కాబట్టి, తల కదిలినప్పుడు బొమ్మ పాత లెక్కకు మించి జరుగుతుంది. ప్రోగ్రెసివ్‌లో ఈ పెంపు పైన ఒకలా, కింద మరోలా ఉంటుంది. లెక్క తప్పిన ప్రతిసారీ రెటీనా మీద, అంటే కంటి వెనుక తెర మీద, బొమ్మ జారుతుంది; ఆ జారుడునే లెక్కలోని పొరపాటుగా తీసుకుని చిన్నమెదడు లెక్కను దిద్దుకుంటుందని జపాన్ శాస్త్రవేత్త మసావో ఇటో 1970ల తొలినాళ్ళలో ప్రతిపాదించాడు. ఎర్రసిరాతో దిద్దడం మా వృత్తి కాబట్టి ఈ ఊహ నాకు మరీ నచ్చింది.

పన్నెండో రోజు సాయంత్రం ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చుని ఒక పరీక్ష చేశాను. దూరాన లంగరేసి ఉన్న ఓడల కింద సముద్రపు గీత తిన్నగా, తాడు లాగి కట్టినట్టు ఉంది. జోడు తీసి, చేయి చాచి, అదే గీతను అద్దం కింది మూలలోంచి చూస్తే ఓడతో సహా ఒంపు తిరిగింది. అంటే అద్దం ఏమీ మారలేదు, వంకర అక్కడే ఉంది. నా అనుభవంలోంచి మాత్రం తప్పుకుంది. పైగా జోడు లేకుండా గట్టు దిగబోతే, ఈసారి ఉత్త కళ్ళకే నేల కొద్దిగా ఊగింది. 1897లో బర్క్‌లీకి చెందిన అమెరికన్ మనస్తత్వవేత్త స్ట్రాటన్, లోకాన్ని తలకిందులు చేసే కటకాన్ని ఒక కంటికి కట్టుకుని ఎనిమిది రోజులు గడిపిన ప్రయోగాన్ని ప్రచురించాడు. కటకం తీసేశాక ఆయనకూ చాలాసేపు దృశ్యం ఊగినట్టే అనిపించింది.

మన ప్రాచీన తర్కమైన న్యాయదర్శనంలో నేరుగా చూసి తెలుసుకునే ప్రత్యక్షం వేరు, కొండ మీద పొగను చూసి నిప్పుందని తేల్చే అనుమానం వేరు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ మాత్రం, చూపులోనే మనకు తెలియకుండా ఒక అనుమానం నడుస్తుందని వాదించాడు. మన వాడుకలో అనుమానమంటే సందేహం కూడా కావడం ఈ సందర్భానికి బాగా కుదిరింది. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది ఈ సర్దుబాటు జరిగే చోటు. మెదడులోని సుమారు 8,600 కోట్ల న్యూరాన్లలో దాదాపు 6,900 కోట్లు చిన్నమెదడులోనే ఉన్నాయి. అయినా పుట్టుకతో చిన్నమెదడు లేనివారికి నడక, మాట తడబడతాయే గాని స్పృహ ఉంటుంది. అంత పెద్ద యంత్రాంగం నా కోసం పన్నెండు రోజులు పనిచేసి, పని జరుగుతున్నట్టు కూడా నాకు తెలియనివ్వలేదు.

ఇక రెండో సగం. నేల ఊగడం ఆగిపోయినా, ఆఖరి బెంచీ పిల్లల ముఖాలు, బస్సు నంబర్లు మసకగానే ఉండేవి. గడ్డం బాగా కిందికి దించితే మాత్రం స్పష్టమయ్యేవి. దీనికీ దుకాణంలో అదే జవాబు: అలవాటైపోతుంది. కాదు. మెదడు క్రమబద్ధమైన వంకరను దిద్దుకోగలదు, ఎందుకంటే వంగిన గీతలోనూ సమాచారమంతా ఉంటుంది. రెటీనాకు చేరని అక్షరాన్ని అది పుట్టించలేదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారియట్ 1660లలోనే కనిపెట్టిన అంధబిందువు ఇందుకు సాక్ష్యం: ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎదుటి చుక్కను చూస్తూ, దానికి కుడివైపు సుమారు 15 డిగ్రీల దూరాన చిన్న అక్షరం ఉంచితే అది మాయమై, ఆ చోట కాగితపు తెలుపు పరుచుకుంటుంది. మెదడు తెలుపును పూయగలదు గాని అక్షరాన్ని రాయలేదు.

నాలుగో వారంలో మరోచోట, చూపు పరీక్షించే ఒక ఆప్టోమెట్రిస్టుకు చూపించాను. ఆమె అద్దాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి, అందులో చెక్కి ఉండే రెండు సన్నని వలయాలను వెతికి, వాటి ఆధారంగా మార్కరుతో గుర్తు పెట్టి, నా కళ్ళకు సరిగ్గా ఎదురుగా స్టూలు జరుపుకుని కూర్చుంది. కనుపాపకు సరిగ్గా ఎదురుగా రావలసిన ఆ గుర్తు 3 మిల్లీమీటర్లు పైన ఉంది. అప్పుడు గుర్తొచ్చింది: దుకాణంలో నేను కూర్చుని ఉండగా, ఆ అబ్బాయి నిలబడి పైనుంచి చూస్తూ, కనుపాప ఎక్కడుందో తెలిపే చుక్క పెట్టాడు. దాంతో కారిడార్ పైకి జరిగి, నేను దూరాన్ని దగ్గరి పవరులోంచి చూస్తూ వచ్చాను.

దుకాణంవారు, చెప్పవలసిందే, వాదించకుండా లెన్సులు ఉచితంగా మార్చారు. తొమ్మిది రోజులు పట్టింది. ఇప్పుడు మెడ దించకుండా బస్సు నంబరు చదువుతున్నాను. లెన్సుకు అయిదులో నాలుగు, అమ్మిన తీరుకు రెండు ఇస్తాను. తీసుకునేవారు చుక్క పెట్టే మనిషిని తమ ఎదురుగా, సమానమైన ఎత్తులో కూర్చోమనాలి. రెండు వారాల తర్వాత ఊగుడు మిగిలితే ఇంకొన్నాళ్ళు ఆగవచ్చు, మసక మిగిలితే ఆగకూడదు. పాత రీడింగు జోడు మాత్రం పారేయలేదు. మంచం మీద పడుకుని చదివేటప్పుడు చూపు కింది భాగానికి దిగదు కాబట్టి, రాత్రిళ్ళు ఇప్పటికీ దిండు పక్కన అదే ఉంటోంది.