గుండె బొమ్మ వేళ్లకు అందాలంటే: స్వెల్ పేపరా, థర్మోఫార్మా, మాటలా?

పాఠ్యపుస్తకంలోని గుండె నిలువుకోత బొమ్మను ఉన్నదున్నట్టు ఉబ్బెత్తుగా చేస్తే, చూపులేని విద్యార్థి వేళ్లకు తగిలేది గీతల చిక్కు మాత్రమే. ఏ పద్ధతైనా ముందు బొమ్మను విడదీయాలి. ఒక షీటుపై నాలుగు గదులు, ఇంకో షీటుపై రక్తనాళాలు. గీతల మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. బ్రెయిలీ అక్షరాన్ని కుదించలేం కనుక పేర్ల బదులు ఒకటి రెండు అక్షరాల గుర్తులు పెట్టి, వాటి వివరం వేరే కాగితంపై ఇవ్వాలి.

ఐదారుగురికి, అదీ రేపటి పాఠానికి కావాలంటే స్వెల్ పేపరే (వేడి తగిలితే ఉబ్బే ప్రత్యేక కాగితం) మేలు. నల్లగా ముద్రించి హీటర్‌లోంచి పంపితే, నలుపు వేడిని ఎక్కువ పట్టుకుని ఆ మేరకు కాగితం ఉబ్బుతుంది. రంగు గీతలు సరిగా లేవవు. వేడి ఎక్కువైతే ఖాళీ భాగమూ లేస్తుంది, తక్కువైతే గీత వేలికి తెలియదు. కొన్ని లేజర్ ప్రింటర్ల వేడికే కాగితం ఉబ్బిపోతుంది, అందుకే ముందు ఒక్క షీటుతో చూసుకోవాలి. గదిని మొత్తం నలుపుతో నింపితే బొబ్బలెక్కుతుంది, చుక్కలతో నింపండి. మందపాటి నల్ల గీతలు చూపు మందగించిన పిల్లలకూ టీచరుకూ కనిపిస్తాయి. నా లెక్కలో దీని అసలు బలం అదే.

థర్మోఫార్మ్ (ప్లాస్టిక్ షీటును వేడిచేసి, కింది గాలిని లాగేసి అచ్చు ఆకారానికి దించే పద్ధతి) వందల ప్రతులకు, ఎత్తుపల్లాలకు. ఎడమ జఠరిక గోడ మందాన్ని ఎత్తులోనూ చూపించవచ్చు. అట్ట, దారం, ఉప్పు కాగితం అతికించి అచ్చు చేస్తారు. ఐఐటీ ఢిల్లీలో త్రీడీ ప్రింటింగ్‌తో కూడా అచ్చులు చేశారు. పల్లపు చోట్ల సూదితో రంధ్రాలు పొడవకపోతే గాలి బయటికి పోక, ప్లాస్టిక్ లోపలికి దిగదు. చెమట వేళ్లు ఆ షీటుపై పట్టేస్తాయి. పైన ముద్రణ లేకపోతే కొద్దిగా చూపున్న పిల్లలకు దానిమీద ఏమీ కనబడదు.

రక్త ప్రసరణ క్రమానికి మాత్రం బొమ్మ అక్కర్లేదు, మాటలే నయం: మహాసిర, కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, పుపుస సిర, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, మహాధమని. ఆకారానికి మాటలు చాలవు కానీ, షీటు చేతికిచ్చేటప్పుడు ఒక్క మాట తప్పనిసరి: "నీ కుడిచేతి వైపున్నది గుండెలో ఎడమ భాగం." ఇది చెప్పకపోతే గదులన్నీ తారుమారుగా గుర్తుంటాయి.

విద్యార్థే బొమ్మ గీయాలంటే పై మూడూ పనికిరావు. రబ్బరు పలకపై పల్చని ప్లాస్టిక్ ఫిల్ము పరిచి స్టైలస్‌తో గీస్తే, గీసిన వైపే గీత లేస్తుంది. మామూలుగా చెరపడం కుదరదు, అదనపు ఫిల్ములు దగ్గర పెట్టుకోవాలి.