మాఘ పౌర్ణమికి వాడరేవులో అద్దె ఇల్లు: మూడు రాత్రుల అనుభవం

మా అత్తగారికి మాఘ పౌర్ణమినాడు సముద్ర స్నానం చేయాలని ఎన్నాళ్లుగానో కోరిక. మామూలు రోజుల్లో సముద్రాన్ని తాకకూడదని, పర్వదినాల్లోనే మునగాలని ఆమె పట్టింపు. ఈసారి పౌర్ణమి ఆదివారం వచ్చింది. అత్తగారు, మామగారు, మా ఆడపడుచు, ఆమె భర్త, వాళ్ల నాలుగేళ్ల పాప, మేము నలుగురం, మొత్తం తొమ్మిదిమందిమి శుక్రవారం ఉదయం హైదరాబాద్‌లో బయలుదేరి చీరాల దగ్గరి వాడరేవుకు వెళ్లాం.

గతంలో ఒకసారి బాపట్ల పక్కనున్న సూర్యలంకలో పర్యాటక శాఖ కాటేజీలలో ఉన్నాం. గది తలుపు తీస్తే ఇసుక, నాలుగడుగులు వేస్తే నీళ్లు. ఇద్దరో నలుగురో వెళ్లేటట్లయితే ఇప్పటికీ అక్కడికే వెళ్లమంటాను. తొమ్మిదిమందికి మాత్రం మూడు గదులు తీసుకోవాలి, అప్పుడు ఎవరి గదిలో వాళ్లు ఉండిపోతారు. పైగా మామగారికి చక్కెర వ్యాధి. రాత్రి ఏడింటికల్లా, కారం తక్కువ వేసిన భోజనం పెట్టాలి. వంటిల్లు మన చేతిలో ఉంటేనే అది కుదురుతుంది. అందుకే ఈసారి ఇల్లే అద్దెకు తీసుకుందామనుకున్నాం.

ఆన్‌లైన్‌లో ఇల్లు వెతకడానికి పదిరోజులు పట్టింది. ప్రతి ఇంటి కిందా ‘సముద్రానికి ఎదురుగా’ అనే ఉంటుంది. ఫొటోలన్నీ మేడ మీద నుంచి తీసినవే, అన్నింటిలోనూ నీలం నీళ్లే. నిజానికి తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం పల్లె తీరాల్లో చాలాచోట్ల పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కట్టకూడదు. కాబట్టి నిబంధనలు పాటించిన ఇల్లయితే సముద్రానికి కాస్త ఎడంగానే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ ఎడం చిన్నది కాదు. ఇసుకలో రెండు వందల మీటర్లు నడవడం రోడ్డు మీద కిలోమీటరు నడిచినంత. నేను యజమానికి ఫోను చేసి, గేటు నుంచి నీళ్ల దాకా నడుస్తూ ఒక వీడియో తీసి పంపమని అడిగాను. పంపాడు. సరుగుడు తోట మధ్య బాట, తర్వాత ఇసుక, మొత్తం నాలుగు నిమిషాల నడక. ఆ వీడియో చూశాకే డబ్బు కట్టాం. ఇల్లు మాట్లాడుకునేవాళ్లు మరేది మరిచినా ఈ ఒక్కటి మాత్రం అడగండి.

అద్దె రాత్రికి 14,000 రూపాయలు. మూడు పడకగదులు, వరండా, వంటిల్లు. డిపాజిట్ 10,000. కింద ఒక పడకగది, దానికి ఆనుకునే కుర్చీ మరుగుదొడ్డి ఉన్నాయా అని అడిగి నిర్ధారించుకున్నాను. కరెంటు పోతే ఏమిటని అడిగితే ఇన్వర్టర్ ఉందన్నాడు. నీళ్ల సంగతి అడగాలని నాకు తోచలేదు.

దారి బాగుంది. నార్కట్‌పల్లి దగ్గర జాతీయ రహదారి వదిలి, మిర్యాలగూడ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటాం. పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా చీరాల చేరేసరికి, మధ్యలో ఆగిన వేళలు కలుపుకుని, ఏడు గంటలు పట్టింది. చీరాలలో కూరగాయలు, పాలు, నూనె కొనుక్కుని వాడరేవుకు వెళ్లాం. రైలులో వచ్చేవాళ్లకు చీరాల స్టేషన్ మద్రాసు ప్రధాన మార్గంలోనే ఉంది, అక్కడి నుంచి ఆటోలు దొరుకుతాయి.

ఇంటికి చేరగానే మొదటి చికాకు. ఎనిమిదిమందికే ఒప్పందమని, తొమ్మిదో మనిషికి రాత్రికి వెయ్యి అదనమని యజమాని ఫోనులో అన్నాడు. ఆ తొమ్మిదో మనిషి నాలుగేళ్ల పాప. మేము తొమ్మిదిమందిమని, అందులో ఒకరు చిన్నపిల్ల అని ముందే రాసి పంపిన సందేశం నా ఫోనులో ఉంది. అది చూపించాక తగ్గాడు. శుభ్రం చేసే ఖర్చు 1,500 మాత్రం వదల్లేదు, అది ఎక్కడా రాసి లేదు. ప్రయాణపు అలసటలో, గేటు ముందు, సామాను దింపుతూ బేరమాడవలసి రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది. డబ్బుకంటే ఆ సమయమే బాధించింది.

రెండోది నీళ్లు. కుళాయి తిప్పితే ఉప్పునీళ్లు. స్నానం చేస్తే ఒళ్లు జిడ్డు, సబ్బు నురగ రాదు. ఆ నీళ్లతో పప్పు పెడితే కుక్కరు ఎనిమిది కూతలు కూసినా పలుకుగానే ఉంది. ఇసుక దిబ్బల్లో మంచినీరు పైపైనే ఉంటుందని, లోతుకు బోరు వేసి మోటార్లతో తోడితే కిందనున్న ఉప్పునీరు ఎగదన్నుతుందని వాచ్‌మన్ చెప్పాడు. తన గుడిసె దగ్గర పదడుగుల లోతు కూడా లేని బావిలో నీళ్లు తియ్యగా ఉన్నాయి. మామగారికి, పాపకు స్నానానికి ఆ బావి నీళ్లే రెండు బిందెలు తెచ్చి ఇచ్చేవాడు. వంటకు, తాగడానికి మినరల్ వాటర్ టిన్నులు రోజుకు నాలుగు తెప్పించుకున్నాం.

ఇంటి సుఖమంతా ఆ వాచ్‌మన్ దంపతుల వల్లే అమరింది. యజమాని ప్రకటనలో వాళ్ల ప్రస్తావనే లేదు. శని, ఆదివారాలు మేము నీచు ముట్టమని ముందే ఫోనులో చెబితే, శుక్రవారం రాత్రికే ఆమె వంజరం తెచ్చి, చింతపండు పులుసు మరీ చిక్కగా కాకుండా పెట్టి ఉంచింది. పెద్దాయన ఉన్నారని కారం తగ్గించి విడిగా నాలుగు ముక్కలు తీసింది. శనివారం రాత్రి గంటన్నర కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఫ్యాన్లు తిరిగాయి గాని ఏసీలు ఆగిపోయాయి. ఆ గంటన్నరా అందరం వరండాలో చాపలు పరుచుకుని కూర్చున్నాం. మామగారు తన చిన్ననాటి సంగతులు పిల్లలకు చెప్పింది అప్పుడే. మూడు వేర్వేరు గదుల్లో ఉంటే ఆ మాటలు వినేవాళ్లం కాదు.

శనివారం పగలు మోటుపల్లి వెళ్లాం. కాకతీయుల కాలపు రేవు. 1244లో గణపతిదేవుడు ఇచ్చిన అభయ శాసనం అక్కడి వీరభద్రాలయం దగ్గరి స్తంభం మీద ఉంది. తుపానుకు ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా అంతకుముందు రాజులు జప్తు చేసేవారట. ఇక మీదట నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని ఆయన రాయించాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా అందులో ఉంది. దూరదేశాల నుంచి వచ్చేవాళ్లకు ఏమివ్వాలో ముందే రాతిమీద చెక్కి పెట్టారని చదివినప్పుడు, ముందురోజు గేటు దగ్గర జరిగినది గుర్తుకొచ్చి నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను. దారిలో చినగంజాం ఉప్పు మడులు చూసి పిల్లలు దిగుతామన్నారు, దింపాం. తిరుగు దారిలో జాండ్రపేటలో అత్తగారు రెండు నేత చీరలు తీసుకున్నారు.

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికే జనం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ట్రాక్టర్ల మీద, ఆటోలలో వచ్చారు. అత్తగారు పసుపు, కుంకుమ, పూలు సముద్రానికి సమర్పించి, ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో కూతురిని పట్టుకుని మూడు మునకలు వేశారు. సూర్యుడు పైకి వస్తుంటే దోసిటితో అర్ఘ్యం ఇచ్చారు. ఆ ముఖం చూశాక ఉప్పునీళ్ల మీద ఫిర్యాదు చేయడానికి నాకు నోరు రాలేదు.

ఆ ఉదయమే ఒక భయమూ కలిగింది. జనానికి కాస్త ఎడంగా, అలలు విరగకుండా నీళ్లు నిమ్మళంగా కనిపించిన చోట మా అబ్బాయి దిగబోయాడు. వల సర్దుకుంటున్న ఒక మత్స్యకారుడు కేకవేసి ఆపాడు. అలలు విరగని చోటే నీరు లోపలికి లాగుతుందట. ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ తిరిగి వెళ్లే దారి అదే. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. పౌర్ణమి, అమావాస్యలకు పోటు కూడా ఎక్కువే. ఈ తీరంలో ఏటా పిల్లలు మునిగిపోతున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. ఇల్లు అద్దెకిచ్చే వాళ్లు గోడ మీద ఏసీ వాడకం గురించి పది నియమాలు అంటించారు. ఎక్కడ దిగకూడదో ఒక్క ముక్క రాయలేదు. నాకు ఇది క్షమించదగిన లోపంగా కనిపించదు.

సాయంత్రం పొద్దు వాలుతుండగానే, ఉదయం సూర్యుడు వచ్చిన వైపు నుంచే చంద్రుడు వచ్చాడు. మామగారు అంతదూరం నడవలేనన్నారు. వాచ్‌మన్ ఒక ప్లాస్టిక్ కుర్చీ మోసుకుంటూ ముందు నడిచాడు. సరుగుడు తోటలో రెండుచోట్ల కుర్చీ వేసి కూర్చోబెట్టి, మూడోసారి నీళ్ల అంచున వేశాడు. ఆయన రాత్రి భోజనం వేళ దాకా అక్కడి నుంచి కదల్లేదు.

డిపాజిట్ తొమ్మిదిరోజులకు, రెండుసార్లు గుర్తుచేశాక తిరిగి వచ్చింది. అదే ఇంటిని కార్తీకం తర్వాత, వారం మధ్యలో మళ్లీ అడిగాం. శుభ్రం చేసే ఖర్చు అద్దెలోనే కలపాలని, రోజుకు ఆరు నీళ్ల టిన్నులు వాళ్లే ఇవ్వాలని, వంటకు ఆ దంపతులే ఉండాలని రాసి పంపాను. టిన్నులకు, వంటకు ఒప్పుకుంటున్నట్లు నిన్న జవాబు వచ్చింది. శుభ్రం ఖర్చు గురించి ఇంకా ఏమీ చెప్పలేదు. అందుకే అడ్వాన్సు పంపకుండా ఆగాను.