టిరెల్ పి34, 1/20 కిట్: అతికించడం తేలిక, నీలం రంగు వేయడమే పని

జపాన్ కంపెనీ టమియా అమ్మే 1/20 టిరెల్ పి34 (అసలు రేసు కారులో ఇరవయ్యో వంతు సైజు ప్లాస్టిక్ నమూనా) కట్టి కొన్నేళ్లయింది. ఇప్పుడది మా హాల్లో అద్దాల పెట్టెలో ఉంది. విశాఖలో, అదీ సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంట్లో ప్లాస్టిక్, రంగు, రబ్బరు ఎలా నిలుస్తాయో చూశాక రాస్తున్న సమీక్ష ఇది. పెట్టె తెరిచిన రోజు రాసేవి చాలానే ఉంటాయి. రంగు ఎండి, ఎండలూ వానలూ దాటాక ఏమైందో వాటిలో దొరకదు. ముందే చెప్పేస్తాను, కిట్ కొనదగ్గదే. కానీ దాని ధర ఒక్కటే చూసి బడ్జెట్ వేసుకోకండి. రంగులు, థిన్నర్, రంగు చల్లడానికి గాలినిచ్చే కంప్రెసర్, ఎమరీ కాగితాలు అన్నీ కలిస్తే కిట్ ఖర్చుని దాటిపోతాయి. కారు అందమంతా ఆ రెండో ఖర్చులోనే ఉంది.

ఈ కారు తెలియని వాళ్ళకి కొంచెం వెనకటి కథ. డెరెక్ గార్డ్‌నర్ అనే ఇంజినీరు టిరెల్ జట్టు కోసం తయారుచేసిన ఫార్ములా వన్ కారు ఇది. వెనక రెండు పెద్ద చక్రాలు, ముందు నాలుగు చిన్నవి. ముందు రెక్క వెడల్పు 1.5 మీటర్లు మించకూడదని అప్పటి నిబంధన. మామూలు చక్రాలైతే ఆ రెక్క పైనుంచి కనబడుతూ గాలికి అడ్డం పడతాయి. 10 అంగుళాల రిమ్ములు వేస్తే చక్రం కారు ముక్కు వెనక దాక్కుంటుంది. చిన్న టైరుకి నేల మీద పట్టు తక్కువ కాబట్టి రెండింటికి బదులు నాలుగు పెట్టాడు. 1976 జూన్‌లో స్వీడన్‌లోని ఆండర్‌స్టార్ప్‌లో జోడీ షెక్టర్ ఈ కారుతోనే గెలిచాడు, జట్టులో రెండోవాడు పాట్రిక్ డెపాయే అతని వెనకే వచ్చాడు. ఆరు చక్రాల కారు గెలిచిన ఫార్ములా వన్ గ్రాండ్ ప్రీ అదొక్కటే. తర్వాతి ఏడాది చిన్న టైర్ల అభివృద్ధి వెనకబడింది, కారు బరువెక్కింది. 1977 చివర్లో దాన్ని పక్కన పెట్టేశారు. 1983 నుంచి నాలుగు చక్రాలే ఉండాలని నిబంధన కూడా వచ్చేసింది.

నా దగ్గరున్నది 1976 జపాన్ రేసు రూపం. అక్టోబరు 24న ఫుజీలో వానలో మొదలైన రేసు అది. నికీ లాడా ఇంత వానలో నడపనని కారు ఆపేసి దిగిపోయిందీ, జేమ్స్ హంట్ ఛాంపియన్ అయిందీ అక్కడే. డెపాయేకి రెండో స్థానం దక్కింది. ఆ రేసుకి టిరెల్ పేరుని జపనీస్ హిరాగానా అక్షరాల్లో కూడా కారు మీద రాశారు, కిట్ డెకాల్స్‌లో (నీళ్ళతో తడిపి అంటించే పలచటి స్టిక్కర్లు) ఆ అక్షరాలున్నాయి. ఫుజీ సర్క్యూట్ ఉన్నది షిజువోకా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది). టమియా సొంత ఊరూ షిజువోకానే. ఇంటి దగ్గర జరిగిన రేసు కదా, ఆ ముచ్చట ఈ పెట్టెలో కనిపిస్తుందని నాకనిపిస్తుంది.

నాకు అమ్మిన దుకాణంలో ఈ పెట్టె ఎంతకాలం పడి ఉందో గానీ, డెకాల్ షీట్‌లో తెల్లటి భాగాలు పసుపు తిరిగాయి. ఇలాంటప్పుడు షీట్ పారేయాల్సిన పని లేదు. గాలి చొరబడని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బొమ్మల వైపు ఎండకి తిప్పి, కిటికీ అద్దానికి టేపుతో అంటించాలి. పసుపు మెల్లగా విరుగుతుంది. చలి దేశాల వాళ్ళు దీనికి వారాల తరబడి ఎదురుచూస్తారట. మన మే నెల ఎండకి అంత ఓపిక అక్కర్లేదు. మన వాతావరణం ఈ హాబీకి చేసే మేలు ఇదొక్కటే అనుకుంటా, మిగతాదంతా పోరాటమే.

అతికించడం గురించి ఎక్కువ చెప్పను. ముక్కలు ఒకదానికొకటి చక్కగా కూర్చున్నాయి. ఫ్రేమ్ నుంచి ముక్కని ఒక్కసారే మొదలంటా కత్తిరించకుండా, కాస్త కాడ ఉంచి కోసి, తర్వాత బ్లేడుతో చెక్కి, 400, 800, 1000 నంబరు ఎమరీ కాగితాలతో నీళ్ళు తడుపుతూ రుద్దితే సరిపోతుంది. పారదర్శకమైన ముక్కలకి మాత్రం ప్లాస్టిక్ సిమెంట్ గానీ సూపర్ గ్లూ గానీ వాడకండి. మొదటిది కరిగిస్తుంది, రెండోది ఆవిరితో తెల్లగా పొగబారుస్తుంది. పి34 కాక్‌పిట్ పక్కల చిన్న కిటికీలుంటాయి, లోపల కూర్చున్న డ్రైవరుకి ముందు చక్రాలు కనబడాలని పెట్టినవి. అద్దాల పనికి ఇంట్లో ఉండే ఫెవికాల్ చాలు. ఎండితే పారదర్శకంగా అయిపోతుంది, ఎక్కువైతే తడి గుడ్డతో తుడిచేయొచ్చు.

ఆగి పని చేయాల్సింది ముందు చక్రాల దగ్గర. నాలుగు చక్రాల కారులో ఒకటి కొంచెం పైకి లేచినా పెద్దగా కనబడదు. ఇందులో ముందు నాలుగూ పక్కపక్కనే ఉంటాయి, ఒకటి గాల్లో ఉంటే కన్ను నేరుగా అక్కడికే పోతుంది. రిమ్ము అసలే 13 మిల్లీమీటర్ల లోపు. సస్పెన్షన్ కడ్డీలకి జిగురు పెట్టాక, అది గట్టిపడక ముందే చక్రాలు తాత్కాలికంగా తొడిగి కారుని దళసరి గాజు పలక మీద నిలబెట్టాలి. చక్రాల కింద సన్నటి కాగితం ముక్క జరిపి చూస్తే ఏది తేలుతుందో తెలిసిపోతుంది. సరి చేసి, పైన చిన్న బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి. తొందరున్నవాళ్ళకి ఈ కారు కాదు.

ఇంజన్ మాత్రం పండగే. కాస్‌వర్త్ డీఎఫ్‌వీ, 3 లీటర్ల వీ8. ఆ కాలంలో రేసుకి దిగే కార్లలో సగానికి పైగా వాటికి అదే గుండె. పై కవర్ తీసి చూపించేలా ఉంది కాబట్టి ఇక్కడ పెట్టిన శ్రమ వృథా పోదు. వెండి రంగు ఒక్కటే పూస్తే బొమ్మలా ఉంటుంది. ఇంజన్ బ్లాక్‌కి, గేర్‌బాక్స్‌కి వేరువేరు లోహపు ఛాయలు వేసి, సందుల్లోకి బాగా పలచన చేసిన నల్ల ఎనామెల్ పారనివ్వాలి. ఎగ్జాస్ట్ గొట్టాలకి గోధుమ, నీలం కలిసిన కాలిన ఛాయ ఇస్తే ఇనుము వేడెక్కినట్టే ఉంటుంది. స్పార్క్ ప్లగ్ తీగలకి పాడైన ఇయర్‌ఫోన్ వైరు విప్పితే వచ్చే సన్నటి పోగులు సరిగ్గా సరిపోతాయి. మా ఇంట్లో పాడైన ఇయర్‌ఫోన్లకి కొరత లేదు.

ఇక రంగు. ఫొటోల్లో ఈ కారు నీలం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఫుజీ మబ్బులో ముదురుగా, ఎండలో తీసిన ఫొటోలో లేతగా. కాబట్టి అసలు నీలం ఏదని తల పగలగొట్టుకోవడం దండగ. చిన్న వస్తువు మీద రంగు అసలు కంటే ముదురుగా కనిపిస్తుంది కాబట్టి నేను నీలంలో కొద్దిగా తెలుపు కలిపి తేలిక చేశాను. అది నా కంటికి నచ్చింది, మీ కన్ను వేరు కావచ్చు.

మెరిసే రంగుకి లాకర్ (ఘాటైన థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రంగు) మంచిది, కానీ తేమ దానికి శత్రువు. లాకర్ థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు ప్లాస్టిక్ పైభాగాన్ని చల్లబరుస్తుంది. గాల్లో తేమ ఎక్కువుంటే అది ఆ చల్లటి పొర మీద నీరుగా చేరి రంగులో చిక్కుకుంటుంది. ఎండాక చూస్తే నీలం మీద పాలపొగ. జులై నుంచి అక్టోబరు దాకా విశాఖలో ఇది దాదాపు ఖాయం. హైదరాబాద్‌లో కొంత నయం. తెల్లబడినా కంగారు పడక్కర్లేదు. పొడి గాలి ఉన్న రోజున నెమ్మదిగా ఆరే రిటార్డర్ కలిపిన థిన్నర్‌ని పలచగా చల్లితే పొర మళ్ళీ కాస్త మెత్తబడి, చిక్కిన తేమ బయటికి పోతుంది. నేను మాత్రం బాడీ రంగు, దాని పైన వేసే పారదర్శక పొర క్లియర్ కోటు రెండూ డిసెంబరు, జనవరి నెలలకే దాచుకుంటాను. మిగతా కాలమంతా ఇంజన్, ఛాసిస్, సీటు లాంటి మెరుపు అక్కర్లేని పనులు.

స్ప్రే డబ్బాలు కావాలంటే మన ఊళ్ళో దొరికినవే కొనుక్కోవాలి. ఒత్తిడి నింపిన డబ్బాలు కాబట్టి విమానంలో వెళ్ళే కొరియర్‌లో రావు, రోడ్డు మీద వచ్చేవాటికి ఓపిక పట్టాలి. అందుకే గాలితో రంగు చల్లే, 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న ఎయిర్‌బ్రష్, సీసా రంగులు చివరికి చవక. కంప్రెసర్‌కి నీటిని పట్టే ట్రాప్ తప్పనిసరి. లేకపోతే గొట్టంలో చేరిన తేమ చుక్క సరిగ్గా కారు ముక్కు మీదే పడుతుంది. నీటి ఆక్రిలిక్ రంగులకి, ఎయిర్‌బ్రష్ కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడుకోవచ్చు, ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. మాస్కు పెట్టుకోండి, దుమ్ముకి పెట్టుకునే గుడ్డ మాస్కు కాదు, ఆవిర్లని ఆపే కార్ట్‌రిడ్జ్ మాస్కు. ఇంట్లో వాళ్ళకి ఆ వాసన పడదు, వాళ్ళు అనేది న్యాయమే.

రంగు వేసిన వెంటనే బాడీ మీద పెద్ద స్టీలు డబ్బా బోర్లించండి. దుమ్ము కంటే నాకు దోమల బెడద ఎక్కువ. తడి నీలం మీద వాలిన దోమని తీయబోకండి. ఎండాక 2000 కాగితంతో రుద్దితే కాళ్ళతో సహా పోతుంది.

డెకాల్స్ పెట్టే ముందు కింద పొర నునుపుగా మెరవాలి. గరుకు మీద పెడితే కింద గాలి చిక్కి వెండి పూతలా మెరుస్తుంది. డెకాల్ అంటుకోవడానికి వాడే మైక్రో సెట్ ద్రవం ముందు పూసి, డెకాల్ జరిపి, నీళ్ళు అద్ది తీసేశాక దాన్ని మెత్తబరిచే మైక్రో సోల్ వేస్తే వంపుల్లోకి ఒదిగిపోతుంది. సోల్ వేసిన కాసేపటికి డెకాల్ ముడతలు పడి భయపెడుతుంది. ముట్టుకోకుండా వదిలేస్తే అదే సర్దుకుంటుంది. టెన్షన్ పడి వేలు పెడితే చిరుగుతుంది. పసుపు గీతలు పొడవుగా, సన్నగా ఉన్నాయి. వాటిని ముక్కలుగా కోసి పెట్టడం మేలు, ఒకే వరుసలో వచ్చాయో లేదో దూరం నుంచి చూసుకోవచ్చు.

క్లియర్ కోటు విషయంలో ఒక లెక్క చెబుతాను. 1/20 స్కేల్‌లో 0.1 మిల్లీమీటరు మందం అంటే అసలు కారు మీద 2 మిల్లీమీటర్లు. గాజులా మెరవాలని పొర మీద పొర వేస్తూ పోతే ప్యానెల్ గీతలు పూడిపోయి కారు మిఠాయిలా తయారవుతుంది. 1976 నాటి రేసు కార్లకి షోరూం మెరుపు ఉండేది కూడా కాదు. పలచటి పొరలు వేసి, బాగా గట్టిపడనిచ్చి, సన్నటి పాలిషింగ్ కాంపౌండ్‌తో మెత్తటి గుడ్డ పెట్టి రుద్దడం చాలు. కారు మెకానిక్కుల దగ్గరుండే రబ్బింగ్ కాంపౌండ్ గరుకెక్కువ, అంచుల్లో రంగు లేచిపోతుంది.

ఇన్నేళ్ళలో ఏం నిలిచింది? నీలం అలాగే ఉంది. పెట్టెకి ఎండ నేరుగా తగలదు, అందుకు కావచ్చు. క్లియర్ కింద ఉన్న డెకాల్స్ కదల్లేదు. తెలుపు కాస్త వెన్నరంగు తిరిగింది, పక్కన తెల్ల కాగితం పెడితే తప్ప తెలియదు. మెత్తటి టైర్ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఇలాంటి రబ్బరు, వినైల్‌లోని నూనె లాంటి పదార్థం కాలం గడిచేకొద్దీ బయటికొచ్చి తగిలిన ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. ఏ కంపెనీ కిట్ అయినా సరే, రిమ్ములకి ముందే రంగు, క్లియర్ వేసి బాగా ఎండాకే టైరు తొడగాలి. కారుని రంగు వేసిన పీఠం మీదో ప్లాస్టిక్ పలక మీదో నేరుగా నిలబెట్టకూడదు, ఆరు నల్ల మచ్చలు మిగులుతాయి. నేను అద్దం ముక్క వేశాను. కింద ఇంజన్ కూడా కనబడుతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో మారుస్తుంటాను.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల) రేసు జరిగాక, తెలిసినవాళ్ళ పిల్లలు కొందరు రేసు కారు కిట్ చెప్పమని అడిగారు, ఆరు చక్రాల బొమ్మ చూసి ఇదే కావాలన్నారు. మొదటి కిట్‌గా వద్దనే చెప్పాను. ఇంజన్ లేని, పై కప్పు ఉన్న 1/24 రోడ్డు కారు ఒకటి, దానితో ముక్కలు కత్తిరించే నిప్పర్, ఎమరీ కాగితాలు, పలచటి ప్లాస్టిక్ సిమెంటు, రంగు కింద వేసే ప్రైమర్ డబ్బా ఒకటి కొనుక్కోండి. బాడీకి ఒకే రంగు, మూత పెట్టిన డబ్బాలో ఎండబెట్టడం, పాలిష్ చేయడం చేతికొస్తే చాలు, రెండోదిగా పి34 కొనేయొచ్చు. ముందు చక్రాలకి గాజు పలక, బాడీ రంగుకి డిసెంబరు. ఈ రెంటికీ వేరే దారి నాకు కనబడలేదు.