యుద్ధం మధ్యలో పిల్లలకి సాయం చేర్చాలంటే ఏం అడగాలి? కాల్పుల విరామమా, సరిహద్దు దారా, విమానమా – ఏది మేలు?

యుద్ధం జరిగే చోట పిల్లల సాయం కోసం పనిచేసే సీనియర్ లైజన్, అంటే సాయం సంస్థ తరఫున అన్ని పక్షాలతో మాట్లాడే మనిషి, అంటే పెద్ద హోదా అనుకుంటాం గానీ పని మాత్రం రోజూ అడగడమే. ఈ పక్క కమాండర్ని అడగాలి, ఆ పక్క కమాండర్ని అడగాలి, రాజధానిలో మంత్రిత్వ శాఖని అడగాలి, డబ్బులిచ్చే దేశాల ఎంబసీ వాళ్ళని అడగాలి, మళ్ళీ రాత్రికి ఏ చెక్‌పోస్టు దగ్గరో లారీ ఆగిపోయిందని డ్రైవర్ ఫోన్ చేస్తే పొద్దున అడిగిన కమాండర్నే ఇంకోసారి అడగాలి. ఎంత మాట చెల్లే మనిషికైనా ఊరికే అడుగుతూ పోతే విలువ ఉండదు, ప్రతిసారీ అవతలివాళ్ళు బదులుగా ఏదో ఒకటి కోరుకుంటారు. అందుకే ఏం అడగాలన్నది ముందే తేల్చుకోవాలి. కొన్ని రోజులు కాల్పులు ఆపమనాలా, ప్రభుత్వంతో సంతకాల ఒప్పందం చేసుకోవాలా, పక్క దేశం నుంచి సరిహద్దు దాటాలా, ఏదీ కుదరకపోతే పైనుంచి పడెయ్యాలా.

చాలామంది దీన్ని ఏది త్వరగా ఒప్పుకుంటారు అన్న లెక్కతో చూస్తారు. నేనైతే పిల్లాడి వైపునుంచి మొదలుపెడతా. వాడికి కావాల్సింది ఎన్నాళ్ళు కావాలి? పోలియో చుక్కలకి ఒక్కో పిల్లకి కొన్ని క్షణాలు చాలు, నాలుగు వారాల తర్వాత ఇంకో డోసు, అంతే. తీవ్ర పోషకాహార లోపం అలా కాదు. జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్లకన్నా తగ్గిపోయిన పిల్లాడికి చికిత్సకోసం తయారుచేసే పల్లీల పేస్టు ప్యాకెట్లు, ఒక్కోటి 92 గ్రాములు, 500 కేలరీలు, రోజూ పెట్టాలి, వారం వారం తూకం చూడాలి, ఇలా ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఒక పిల్లాడు కోలుకోవడానికి దగ్గర దగ్గర 150 ప్యాకెట్ల పెట్టె ఒకటి పడుతుంది. మధ్యలో మూడు వారాలు సరుకు ఆగిందంటే మొదట పెట్టిందంతా వృథా అయినట్టే. ఈ రెండింటికీ ఒకే దారి అడిగితే కుదరదు, కానీ మీటింగుల్లో మాత్రం "యాక్సెస్" (సాయం చేరే వీలు) అనే ఒక్క మాటలో అన్నీ కలిపేస్తారు.

ముందు విరామం సంగతి. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఎల్ సాల్వడార్, చెప్పుకోదగ్గదే కూడా. 1985లో అక్కడ అంతర్యుద్ధం మధ్యలో యూనిసెఫ్ అధిపతి జేమ్స్ గ్రాంట్ అధ్యక్షుడు డువార్టేని కలిసి, మీ దేశంలో తూటాలకి పోతున్న పిల్లలకన్నా టీకాల్లేక పోతున్న పిల్లలే ఎక్కువ అన్నాడు. తిరుగుబాటుదార్లతో మాట్లాడే పని కాథలిక్ చర్చి తీసుకుంది. మూడు నెలల్లో నెలకో రోజు చొప్పున మూడు రోజులు కాల్పులు ఆగాయి, సుమారు 2,50,000 మంది పిల్లలకి టీకాలు పడ్డాయి. యుద్ధం ముగిసేదాకా ఏటా అదే జరిగింది. నాకు ఇందులో నచ్చేది ఏంటంటే అడిగింది చాలా చిన్నది, తేదీ ఉంది, వయసు ఉంది, పని ఉంది, ఆ రోజు దాటాక ఎవరి యుద్ధం వాళ్ళు చేసుకోవచ్చు. ఎవరూ ఎవర్నీ గుర్తించినట్టు కాదు, ఎవరూ ఓడినట్టూ కాదు. కమాండర్‌కి తన మనుషుల ముందు పరువు పోకుండా తల ఊపే వీలు ఉంటుంది, ఇది చాలా పెద్ద విషయం.

సూడాన్‌లో 1995లో ఇంకో రకంగా జరిగింది. నారికురుపు వ్యాధి పని కోసమని అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ రెండు నెలల కాల్పుల విరమణ అడిగితే అది దాదాపు ఆరు నెలలు సాగింది, ఆ సందులోనే పిల్లలకి వేరే టీకాలు, విటమిన్ ఎ కూడా వేసేశారు. చిన్న కోరిక ఒక్కోసారి ఇలా పెరుగుతుంది.

అయితే ఇల్లలకగానే పండగ కాదు. గాజా చూడండి. 2024 జులైలో మురుగునీటి శాంపిళ్ళలో పోలియో వైరస్ దొరికింది, ఆగస్టులో 10 నెలల పిల్లాడికి పక్షవాతం వచ్చిందని తేలింది, అక్కడ 25 ఏళ్ళలో అదే మొదటి కేసు. సెప్టెంబర్‌లో ప్రాంతాల వారీగా రోజుకి కొన్ని గంటలు దాడులు ఆపి పదేళ్ళలోపు పిల్లలు సుమారు 5,60,000 మందికి మొదటి డోసు వేశారు, ఆ పరిస్థితుల్లో అది మామూలు పని కాదు. రెండో డోసు దగ్గరికి వచ్చేసరికి అక్టోబర్‌లో ఉత్తరాన బాంబుల మధ్య వాయిదా పడింది, మళ్ళీ మొదలయ్యాక విరామం గాజా సిటీ వరకే ఇచ్చారు, ఇంకా పైన ఉన్న ఊళ్ళ పిల్లలు మిగిలిపోయారు. ఇంకో బాధ ఏంటంటే చుక్కలు వేయించుకున్న పిల్లాడు అదే సాయంత్రం ఆకలితోనే పడుకున్నాడు. విరామం ఇచ్చిన పక్షానికి మంచి పేరొచ్చింది, లారీలు మాత్రం గేటు అవతలే. కాబట్టి లైజన్ విరామం అడిగేటప్పుడు రెండో డోసు తేదీ కూడా అదే కాగితం మీద రాయించుకోవాలి, తర్వాత చూద్దాం అంటే ఆ తర్వాత అనేది రాదు.

ఇక ప్రభుత్వంతో పెద్ద ఒప్పందం. దీనికి పాఠం 1989లో మొదలైన ఆపరేషన్ లైఫ్‌లైన్ సూడాన్. అటు రాజధాని ఖార్టూమ్‌లోని సూడాన్ ప్రభుత్వం, ఇటు దక్షిణాది తిరుగుబాటుదార్లు, మధ్యలో ఐక్యరాజ్యసమితి, ఇద్దరి ఒప్పుదలతోనూ సాయం. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదనిపిస్తుంది. కెన్యా సరిహద్దు దగ్గర లోకిచోగ్గియో నుంచి విమానాలు ఏళ్ళ తరబడి ఎగిరాయి. కానీ నెలనెలా ఏ ఎయిర్‌స్ట్రిప్పుల్లో దిగొచ్చో ఖార్టూమ్ అనుమతి తీసుకోవాలి, అంటే కుళాయి వాళ్ళ చేతిలోనే. 1998 ఫిబ్రవరిలో దక్షిణాదిలోని బహ్ర్ ఎల్ గజల్ ప్రాంతం వైపు విమానాలు ఆపేశారు, ఆ ఏడాది అక్కడి కరువులో వేలమంది పోయారు, అందులో పిల్లలెందరో వేరే చెప్పక్కర్లేదు. పెద్ద ఒప్పందంలో లైజన్‌కి వచ్చే జబ్బు ఇంకోటుంది, దాన్ని కాపాడుకోవడమే పనైపోతుంది, రేపు అనుమతి ఆగిపోతుందేమో అని ఇవాళ నోరు మూసుకోవడం అలవాటైపోతుంది.

అందుకే కొందరు అసలు అనుమతి గొడవ ఎందుకు, సరిహద్దు దాటి వెళ్ళిపోదాం అంటారు. వినడానికి ధైర్యంగానే ఉంటుంది. 1967-70లో నైజీరియా నుంచి విడిపోవాలని బయాఫ్రా చేసిన యుద్ధంలో చర్చి సంస్థలు అలాగే చేశాయి, వెడల్పు చేసిన ఒక రోడ్డునే రన్‌వేగా చేసుకున్న ఉలి అనే చోట రాత్రిళ్ళు చీకట్లో విమానాలు దిగేవి. 1969 జూన్‌లో రెడ్ క్రాస్ విమానం ఒకటి నైజీరియా వాళ్ళు కూల్చేశారు. తర్వాత రెడ్ క్రాస్ నైజీరియాతో మాట్లాడి పగటిపూట విమానాలకి ఒప్పించుకుంటే ఈసారి బయాఫ్రా నాయకత్వం కాదంది, ఎందుకంటే ఆయుధాల విమానాలు కూడా ఆ రాత్రి చీకటి చాటునే వచ్చేవి. ఇక్కడ ఒక్క పక్షాన్నే తిట్టి లాభం లేదు, పిల్లల ఆకలి రెండువైపులా పనికొచ్చింది.

సరిహద్దు దారికి చట్టం అండ దొరికిన అరుదైన సందర్భం సిరియా. 2014 జులైలో భద్రతా మండలి 2165 తీర్మానంతో నాలుగు క్రాసింగులు తెరిచింది, డమాస్కస్‌లోని సిరియా ప్రభుత్వాన్ని అడగక్కర్లేదు, తెలియజేస్తే చాలు, లారీల్లో ఏముందో ఐరాస టీమ్ తనిఖీ చేసేది. వాయవ్య సిరియాలో లక్షలమందికి ఏళ్ళ తరబడి అదే ప్రాణాధారం. కానీ పిల్లాడి కడుపు భద్రతా మండలి వీటోకి ముడిపడింది. 2020 జనవరికి నాలుగు రెండయ్యాయి, జులైకి బాబ్ అల్ హవా ఒక్కటే మిగిలింది, ఏడాదికో ఆర్నెల్లకో గడువు పొడిగించడం, ప్రతిసారీ చివరి రోజుదాకా టెన్షన్. 2023 ఫిబ్రవరి 6న భూకంపం వస్తే ఐరాస మొదటి కాన్వాయ్ ఆ దారిలో 9న చేరింది, శిథిలాల కింద ఉన్నవాళ్ళకి ఆ మూడు రోజులు ఏంటో ఊహించుకోండి. ఆ జులైలో రష్యా వీటోతో ఆ అనుమతి కూడా పోయింది, తర్వాత డమాస్కస్ ఒప్పుదలతోనే లారీలు కదిలాయి.

ఇంకా దగ్గరి ఉదాహరణ పశ్చిమ సూడాన్‌లోని డార్ఫుర్. చాద్ నుంచి వచ్చే అడ్రే క్రాసింగుని సూడాన్ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో మూసేసింది. ఆగస్టు మొదట్లో ఎల్ ఫాషర్ పక్కనున్న జమ్‌జమ్ శిబిరంలో కరువు ఉందని నిపుణుల కమిటీ తేల్చాక, ఆ నెల మధ్యలో మూడు నెలలకని తెరిచింది, అప్పటికి వానలు పడి దార్లు మునిగిపోయాయి. సరే తెరిచారు కదా అనుకుంటే జమ్‌జమ్ దాకా సరుకు వెళ్ళాలంటే ప్రభుత్వంతో పోరాడుతున్న ఇంకో పక్షం ముట్టడి దాటాలి. అక్టోబర్‌లో సరుకు లేక ఎంఎస్ఎఫ్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే వైద్య సంస్థ) అక్కడ 5,000 మంది పోషకాహార లోపమున్న పిల్లల ఔట్ పేషెంట్ చికిత్స ఆపేయాల్సి వచ్చింది. పైన చెప్పిన ఎనిమిది వారాల లెక్క ఇక్కడ గుర్తు తెచ్చుకుంటే ఎంత నష్టమో అర్థమవుతుంది. క్రాసింగు తెరిచారు అన్న వార్తకీ పిల్లాడి చేతిలో ప్యాకెట్టుకీ మధ్య ఎన్ని చెక్‌పోస్టులో, అవన్నీ లైజన్ పనే, పేపర్లో రాని పని.

విమానం నుంచి పడెయ్యడం గురించి తక్కువే చెప్తా. ఇది టీవీలో బాగుంటుంది. దారి అసలే లేనిచోట దీనికీ అవసరముంది, కాదనను, సిరియాలోని దెయిర్ ఎజ్జోర్ నగరం ముట్టడిలో ఉన్నప్పుడు 2016 ఫిబ్రవరిలో మొదటి ప్రయత్నం విఫలమైనా ఏప్రిల్ నుంచి ఎత్తులోంచి వేసి బాగానే అందించారు. కానీ మామూలు సరుకు విమానం మోసేది దగ్గర దగ్గర ఒక లారీ సరుకే, ఖర్చు రోడ్డుకన్నా చాలా రెట్లు. గాజాలో 2024 మార్చిలో పారాచూట్ తెరుచుకోక మీద పడి ఐదుగురు చనిపోయారు. అదీ కాక కింద పడింది ఎవరికి అందుతుంది? బలమున్నవాడికి. రెండేళ్ళ పిల్లని ఎత్తుకున్న తల్లి పరిగెత్తలేదు. జబ్బ కొలిచేవాళ్ళు లేకుండా ఆ పేస్టు ప్యాకెట్లు పైనుంచి పడేస్తే అది చికిత్స కాదు. సరిహద్దులో లారీలు నిలబడి ఉండగా విమానానికి ఒప్పుకుంటే అడ్డుకున్నవాళ్ళకి తప్పుకునే సందు మనమే ఇచ్చినట్టు.

అందరూ అనుకునే ఇంకో రక్షణ, మన లొకేషన్లు, బండి నంబర్లు, రూటు ముందే సైన్యాలకి ఇచ్చేయడం. ఇవ్వాలి, ఇవ్వకుండా బండి కదలకూడదు. కానీ దాన్నే నమ్ముకుని డ్రైవర్‌కి హామీ ఇవ్వకూడదు. అఫ్ఘానిస్తాన్‌లోని కుందుజ్‌లో ఎంఎస్ఎఫ్ ఆసుపత్రి జీపీఎస్ వివరాలు అందరికీ తెలుసు, అయినా 2015 అక్టోబర్ 3న అమెరికా విమాన దాడిలో 42 మంది పోయారు. 2024 ఏప్రిల్ 1న గాజాలో తిండి అందించే వరల్డ్ సెంట్రల్ కిచెన్ సంస్థ బళ్ళు ఇజ్రాయెల్ సైన్యానికి చెప్పిన రూటులోనే వెళ్తున్నాయి, ఏడుగురు పోయారు.

మరి ఏది మేలు? టీకాల విషయమైతే విరామమే, సందేహం లేదు, అది కూడా రెండు డోసులకీ కలిపి. ఆకలి విషయమైతే విరామం మోజులో పడొద్దు, రోజూ కదిలే రోడ్డు, వీలైతే రెండు వేర్వేరు వైపులనుంచి, ఒకటి మూస్తే ఇంకోటి ఉండేలా. పెద్ద ఒప్పందం ఉంటే వాడుకోవాలి గానీ ఉన్న దారులన్నీ అందులోకి కుదించి పెట్టకూడదు. అనుమతి లేకుండా దాటడం అనేది పెద్ద సంస్థ లైజన్ చేతుల్లో ఉండే పని కాదు, చిన్న సంస్థలు చేస్తాయి, వాళ్ళని అడ్డుకోకపోవడమే మనం చేయగల సాయం. విమానం ఆఖరుది.

అడగడానికి కూర్చున్నప్పుడు చేతిలో ఉండాల్సిన కాగితం ఒకటుంది, 1949 నాలుగో జెనీవా ఒప్పందం 23వ ఆర్టికల్. పదిహేనేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, బాలింతలకి తిండి, బట్టలు, బలం మందులు పోనివ్వాలని అందులో ఉంది, శత్రువు పిల్లలైనా సరే. అందులోనే మెలిక కూడా ఉంది, సరుకు పక్కదారి పడుతుందని గట్టి కారణం ఉంటే ఆపొచ్చు. కాబట్టి అవతలివాడు వాడే మొదటి సాకు అదే. ఆ సాకు తీసెయ్యాలంటే ఏ గోడౌన్‌లో ఎన్ని పెట్టెలు దిగాయి, ఎంతమంది పిల్లల కార్డుల మీద ఎక్కాయి అన్న రికార్డు మన దగ్గర రెడీగా ఉండాలి. చట్టం చదివి వినిపించడంకన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది.

చివరిగా మాట్లాడాలా, ఊరుకోవాలా అన్న పేచీ. సాయం అడ్డుకోవడం పిల్లల మీద జరిగే ఆరు తీవ్ర ఉల్లంఘనల్లో ఒకటని ఐరాసే లెక్కేసింది, 2005లో 1612 తీర్మానంతో వాటిని నమోదు చేసే ఏర్పాటు కూడా పెట్టింది. మిగతా ఐదింటిలో ఏది చేసినా ఆ పక్షం పేరు ఐరాస సెక్రటరీ జనరల్ ఏటా ఇచ్చే ఉల్లంఘనదారుల జాబితాకెక్కొచ్చు, సాయం అడ్డుకున్నందుకు మాత్రం ఎక్కదు. పైగా ఆ నమోదు చేసే టాస్క్ ఫోర్సుకి దేశంలో సహ అధ్యక్షత యూనిసెఫ్‌దే, లారీ వదలమని అదే కమాండర్ని అడిగేదీ యూనిసెఫే. పొద్దున వాళ్ళ మీద రిపోర్టు, మధ్యాహ్నం వాళ్ళతో టీ. నన్నడిగితే ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయకూడదు. దారి అడిగే లైజన్ తన ఆగిపోయిన ప్రతి లారీ తేదీ, చోటు, కారణం రాసి పెట్టి ఇంకొకరికి అందించాలి, బయటికి చెప్పేది వాళ్ళు చెప్పాలి. కమాండర్ నిలదీస్తే, అవును అది మా పద్ధతి, అన్నివైపులా అలాగే రాస్తాం అని మొహం మీదే చెప్పేయొచ్చు.