పది బై పన్నెండు గదిలో స్క్రీన్ ప్రింటింగ్: ఐదేళ్లు వాడాక

తిరుపతిలో ఒక చిన్న గదిలో ఐదేళ్లుగా నడుస్తున్న సామాను ఇది: ఒకే బల్ల (బట్ట పరిచే పలక) ఉన్న నాలుగు రంగుల టేబుల్‌టాప్ ప్రెస్, యూవీ ఎల్ఈడీ ఎక్స్‌పోజింగ్ బాక్సు, 15 అంగుళాల హీట్ ప్రెస్. పని ఎక్కువగా టీషర్టులు, గుడ్డ సంచులు. ముహూర్తాల రోజుల్లో శుభలేఖలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ల చూపు ముందు నాలుగు బల్లలు గుండ్రంగా తిరిగే రంగులరాట్నం లాంటి ప్రెస్ మీద పడుతుంది. ఫ్రేములు (ఇంకు దిగే సన్నటి జాలి, అంటే మెష్, లాగి కట్టిన చట్రాలు) బిగించాక దానికి ఈ మూల నుంచి ఆ మూలకు ఎనిమిది అడుగులు దాకా పోతుంది, చుట్టూ మనిషి తిరగాలి కూడా. ఒంటి బల్లది మూడడుగుల టేబుల్ మీద కూర్చుంటుంది. వేగం తక్కువే. కానీ చిన్న గదిలో పని ఆగేది అచ్చు దగ్గర కాదు, ఆరబెట్టే దగ్గర.

ప్రెస్ కొనేటప్పుడు రంగు, పెయింటు చూడకండి. ఫ్రేమును పట్టి ఉంచే ప్రెస్ చేతికి ఫ్రేము బిగించి, కిందికి దించి, ఫ్రేము చివర పట్టుకుని పక్కలకు ఊపండి. ఒక్క మిల్లీమీటరు కదిలినా రెండో రంగు మొదటిదాని మీద సరిగ్గా కూర్చోదు. మా దాంట్లో మూడో ఏడు నుంచి ఆ చేతి కీలులోని బుష్‌లు అరిగి ఈ ఊగులాట మొదలైంది. లేత్ దగ్గర ఇత్తడి బుష్‌లు తిప్పించి వేశాక తగ్గింది. స్ప్రింగులు కూడా సాగిపోతాయి, ఎత్తిన ఫ్రేము తనంతట తనే బట్ట మీద పడుతుంది. మెష్‌కూ బట్టకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. లేకపోతే మెష్ ఇంకుకు అతుక్కుని అంచులు చెదురుతాయి.

డబ్బు పెట్టాల్సింది ఎక్స్‌పోజింగ్ మీద. అంటే మెష్‌కు ఎమల్షన్ (వెలుతురు తగిలితే గట్టిపడే పూత) పూసి, బొమ్మ ఉన్న ఫిల్మ్ పెట్టి వెలుతురు చూపడం. ఫిల్మ్ నల్లగా ఉన్నచోట పూత కడిగితే పోయి, ఇంకు దిగే రంధ్రం మిగులుతుంది. తెలుగు అక్షరం ఇక్కడే పరీక్ష పెడుతుంది. వెలుతురు ఎక్కువైతే చిన్న రంధ్రాలు మూసుకుపోతాయి: ‘ఠ’లో చుక్క ఎగిరిపోయి ‘పీఠం’ కాస్తా ‘పీరం’ అవుతుంది. తక్కువైతే కడిగేటప్పుడు ఎమల్షన్ జిగురుగా వచ్చి, వత్తుల మధ్య సన్నటి గోడలు ఊడిపోతాయి. అందుకే కొత్త ఎమల్షన్ డబ్బా తెరిచిన ప్రతిసారీ, మెష్ మారినప్పుడూ, ఫిల్మ్ మీద నల్ల అట్ట కప్పి ఇరవై సెకన్లకోసారి రెండు వేళ్ల వెడల్పు జరుపుతూ ఏడు పట్టీలు తీయండి. ‘ఠ’ చుక్క తెరుచుకుని, వత్తులు నిలిచిన పట్టీయే మీ టైము. టీషర్టుకు సెంటీమీటరుకు 43 పోగుల మెష్ చాలు. శుభలేఖలోని చిన్న అక్షరాలకు 120 పోగులది కావాలి.

ఆరబెట్టడానికి ఫ్లాష్ డ్రయర్ (అచ్చుకు పైనుంచి వేడి కొట్టే పలక) బదులు హీట్ ప్రెస్సే నయం. మే నెలలో ఈ ఊళ్లో ఫ్లాష్ వెలిగిస్తే గదిలో నిలబడలేం. ప్లాస్టిసాల్ (వేడికే గట్టిపడే) ఇంకు లోపలిదాకా 160 డిగ్రీలు తాకాలి. హీట్ గన్‌తో పై పొర మాత్రమే గట్టిపడుతుంది, బట్ట సాగదీస్తే పగుళ్లు కనిపిస్తాయి. హీట్ ప్రెస్‌తో సిలికాన్ కాగితం వేసి మెల్లగా అదిమితే చాలు, కాస్త మెరుపు వస్తుంది, అది నచ్చనివాళ్లూ ఉన్నారు. హీట్ ప్రెస్‌కు 16 ఆంపియర్ల సాకెట్ విడిగా వేయించండి.

చెక్క ఫ్రేములు చౌక, కానీ నీళ్లలో నాని వంకర తిరుగుతాయి. ఒక మూల లేస్తే అచ్చు ఆ వైపు పలచబడుతుంది. మొదట్లో చెక్కవి పది కొనడం దండగ, అల్యూమినియంవి ఆరు చాలు.

ఎండాకాలంలో నీటి ఆధారిత ఇంకు మెష్‌లోనే ఎండిపోతుంది. ప్రతి అచ్చు తర్వాత ఇంకును వెనక్కి లాగి మెష్ మీద పరిచి ఉంచాలి, ఫ్యాను గాలి ప్రెస్ మీదికి రానీయకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో సమస్య తిరగబడుతుంది: ఎమల్షన్ రాత్రంతా ఉంచినా లోపల తడి మిగులుతుంది, ఎక్స్‌పోజ్ చేశాక సూది రంధ్రాలు పడతాయి. చీకటి పెట్టెలో చిన్న ఫ్యాను పెట్టి, ఫ్రేమును పడుకోబెట్టి, పూత పూసిన వైపు కిందికి ఉంచి ఆరబెట్టండి.

స్క్వీజీ (ఇంకు లాగే రబ్బరు పట్టీ) అంచు గుండ్రబడితే కొత్తది కొననక్కర్లేదు, చదునైన పలక మీద 220 నంబరు గరుకు కాగితం అతికించి నిటారుగా రుద్దితే సరిపోతుంది. పాత ఎమల్షన్ తీసే మందును మాత్రం మెష్ మీద ఆరనీయకండి. ఆరిందంటే ఎమల్షన్ మరి ఊడదు, ఆ ఫ్రేముకు కొత్త మెష్ వేయించాల్సిందే.