బంగారమా, టంగ్‌స్టనా: మొహావీ ఎడారిలో ఏది మేలు?

కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో కొద్ది మైళ్ల దూరంలో రెండు పాత గని ఊళ్లున్నాయి. రాండ్స్‌బర్గ్ బంగారానిది, అటోలియా టంగ్‌స్టన్ అనే లోహానిది. పలుగూ పారా తప్ప మరేమీ లేని మనిషి అప్పట్లో ఏ దారి పట్టి ఉంటే బాగుపడేవాడు?

తవ్వే పనిలో పెద్ద తేడా లేదు. రెండూ బరువైన సరుకులే. ఏటి ఒడ్డునైతే నీళ్లతో కడిగి బంగారం తీస్తారు, ఇక్కడ తాగడానికే నీళ్లు కరువు. అందుకే కళ్లంలో ధాన్యం తూర్పారబట్టినట్టు, తిత్తి బిగించిన పెట్టెలో గాలి కొట్టి ఇసుకను ఎగరగొట్టేవారు. టంగ్‌స్టన్ ఉండే షీలైట్ అనే తెల్లరాయి కూడా అలాగే అడుగున చేరేది. తమాషా ఏమిటంటే, మొదట్లో బంగారం వెతికేవాళ్లకి ఆ తెల్లరాయి వట్టి చిరాకు. దాని విలువ తెలిసింది 1900 దాటాకే.

తేడా అంతా అమ్మకంలోనే. ఔన్సు బంగారానికి 20.67 డాలర్లు, ఏళ్ల తరబడి అదే ధర. 1934లో 35 డాలర్లయింది. చిటికెడు దొరికినా కొనేవాడుంటాడు. షీలైట్‌ని మాత్రం మరలో పొడిచేసి, శుద్ధి చేసి పంపాలి. కొనేది ఉక్కు కంపెనీలు. ఎర్రగా కాలినా పదును పోని కోత పనిముట్లకు టంగ్‌స్టన్ కావాలి కాబట్టి, మొదటి ప్రపంచయుద్ధంలో ధర ఆకాశానికెక్కింది, 1916లో అటోలియా కిటకిటలాడింది. యుద్ధం ముగియగానే ధర కూలింది, జనం వెళ్లిపోయారు.

రెండో యుద్ధంలో కథ తిరగబడింది. 1942 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం యుద్ధానికి అక్కర్లేదని బంగారు గనులను ఆపేయించింది. టంగ్‌స్టన్ గనులకు మాత్రం పిలిచి పీట వేసింది. పైగా అతినీలలోహిత దీపం వేస్తే షీలైట్ నీలితెలుపు రంగులో మెరుస్తుంది, రాత్రిపూట కూడా వెతుక్కోవచ్చు. బంగారానికి ఆ సదుపాయం లేదు.

అయినా నా ఓటు బంగారానికే. యుద్ధం ఎప్పుడొస్తుందో, ఎప్పుడు ఆగుతుందో చూసుకుంటూ కూర్చోవడం పేదవాడి వల్ల కాదు. కానీ ఒక షరతు. 1895లో రాండ్స్‌బర్గ్ దగ్గర ఎల్లో ఆస్టర్ గనిని కనిపెట్టిన ముగ్గురిలో బర్చమ్ ఒకడు. అతని వెతుకులాటకు డబ్బు పెట్టింది డాక్టరు వృత్తిలో ఉన్న భార్య రోజ్. ఇంట్లో అలాంటి ఆదాయం లేనివాడికి బంగారమైనా జూదమే.